బండి లాగుతోంది సరే, లాగ్ ఏదీ?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆటోమొబైల్ పేజీలో కార్ల రీమ్యాపింగ్ మీద వచ్చిన వ్యాసం చదివాను. టర్బో పెట్రోల్ కారు ఈసీయూలో, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌లో, ఫైలు మారిస్తే ముప్పై హార్స్‌పవర్ పెరుగుతుందని రాశారు, కొండెక్కినట్టున్న గ్రాఫ్ కూడా వేశారు. పెరుగుతుంది, కాదనను. కానీ ఆ పెరిగిన బరువుని ఇంజిన్ మోయగలుగుతోందా లేదా అన్నది చూసుకునే దారి ఒకటుంది, లాగ్ తీయడం, అంటే బండి నడుస్తుండగా సెన్సార్ల అంకెలు రికార్డు చేసుకోవడం. దాని గురించి వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేదు. ఉత్తరం పొడవైతే కత్తిరించుకోండి గానీ అంకెలు మాత్రం తీసేయకండి.

నేను ఉండి మండలంలో రొయ్యల చెరువులు చేసేవాణ్ణి. మధ్యాహ్నం రెండింటికి మీటరు ముంచి డీఓ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) చూస్తే ఏ చెరువైనా బ్రహ్మాండంగానే కనిపిస్తుంది, ఎండకి నీళ్ళలో ఆక్సిజన్ తయారవుతూ ఉంటుంది కాబట్టి. అసలు రంగు బయటపడేది తెల్లవారుజామున మూడింటికీ ఐదింటికీ మధ్య. అప్పుడు కొలవనివాడికి రొయ్య తేలాకే తెలుస్తుంది. ఇంత తెలిసినవాణ్ణి, కారు దగ్గరికొచ్చేసరికి మధ్యాహ్నం మీటరు చూసే మోసపోయాను.

మాది ఒక లీటరు, మూడు సిలిండర్ల టర్బో పెట్రోల్ కారు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చిన మా తమ్ముడి కొడుకు "పెదనాన్నా, ఒక్కసారి ట్యూన్ చేయించు, నీ కారు నీకే కొత్తగా ఉంటుంది" అని పట్టుబట్టి ఒక షాపుకి తీసుకెళ్ళాడు. షాపు ఊరూ పేరూ వద్దులెండి. ఆ కుర్రాడు గంటలో ఫైలెక్కించేశాడు. ట్యూన్ అయ్యాక రన్నింగ్‌లో రికార్డు చేసిన డేటా ఏమైనా ఇస్తావా అని అడిగితే, "లాగ్ ఎందుకండీ బాబాయ్ గారూ, బండి లాగుతోందిగా" అన్నాడు. అందరం నవ్వేశాం. నాలుగు నెలలు బాగానే లాగింది కూడా.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఐదుగురం, డిక్కీ నిండా సామాను, ఏసీ ఫుల్లు, రావులపాలెం నుంచి వస్తున్నాం. సిద్ధాంతం వంతెన దాటగానే లారీని ఓవర్‌టేక్ చేద్దామని యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే, స్టీలు గిన్నెలో శనగలు వేసి కదిపినట్టు ముందు నుంచి చప్పుడు. వెంటనే ఇంజిన్ లైటు మిణుకు మిణుకుమంది, బండి చతికిలబడింది. తణుకులో మెకానిక్ ప్లగ్గులు ఊడదీస్తే ఒకదాని తెల్ల పింగాణీ చిట్లి ఉంది, మిగతా రెండింటి మీద మిరియాల పొడి చల్లినట్టు సన్నటి నల్ల చుక్కలు. ఆయన వాటిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, "నాకింగ్ అండీ, ఇది ఇవాళ మొదలైంది కాదు" అన్నాడు. నాకింగ్ అంటే సిలిండర్‌లో పెట్రోల్ అదుపు లేకుండా తనంతట తానే మండి లోపల కొట్టడం.

కొత్త ప్లగ్గులు వేయించి, స్టీరింగ్ కిందున్న ఓబీడీ సాకెట్‌లో పెట్టే చిన్న బ్లూటూత్ డాంగిల్ కొన్నాను. ఫోన్లో యాప్ వేస్తే కారు సెన్సార్లు చెప్పేవన్నీ వరుసలు వరుసలుగా రికార్డవుతాయి, ఇంటికొచ్చి ఎక్సెల్‌లో తెరుచుకోవచ్చు. ఆ చప్పుడు ఎక్కడ పుడుతోందో తెలియాలని మళ్ళీ ఫుల్లుగా తొక్కి చూశాను. మూడుసార్లతో ఆపేశాను గానీ అదీ మొండితనమే, మీరు చేయకండి.

మొదట్లో అత్యాశకి పోయి పద్నాలుగు రీడింగులు టిక్కు పెట్టాను. చవక డాంగిల్ అన్నిటినీ ఒకేసారి అడగలేదు, ఒకదాని తర్వాత ఒకటి అడుగుతుంది, దాంతో ఒక్కో రీడింగు సెకనుకి ఒకసారి కూడా రాలేదు. మూడో గేరులో 2,000 నుంచి 5,500 ఆర్‌పీఎం దాకా వెళ్ళడానికి పట్టేదే ఏడెనిమిది సెకన్లు, నాకింగ్ వచ్చి పోయేది రెప్పపాటులో. రాత్రంతా కలిపి రెండుసార్లు డీఓ చూసినట్టే కదా అది. తర్వాత ఐదింటికి తగ్గించాను: ఆర్‌పీఎం, మ్యానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్‌లోకి వెళ్ళే గాలి ఒత్తిడి), స్పార్క్ టైమింగ్ (పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు ప్లగ్గు నిప్పురవ్వ వేస్తోందో), లోపలికెళ్ళే గాలి వేడి, లాంబ్డా (గాలికీ ఇంధనానికీ ఉన్న పాళ్ళు). అప్పుడు లెక్కలు మాట్లాడటం మొదలుపెట్టాయి.

ముందు ప్రెషర్ సంగతి. మావాడు "2.3 బార్ బూస్ట్ పెదనాన్నా" అని ఊరంతా చెప్పుకున్నాడు, లాగ్‌లో 231 కిలోపాస్కల్ అని ఉన్న మాట నిజమే. కానీ అందులో బయటి గాలి ఒత్తిడి కలిసే ఉంటుంది, బూస్ట్ అంటే దాని మీద టర్బో అదనంగా తోసేది మాత్రమే. మన డెల్టా సముద్రమట్టానికి ఆనుకునే ఉంది కాబట్టి అది ఇక్కడ 101 దాకా ఉంటుంది, అదే అరకు ఎక్కితే 91 దగ్గరికి పడుతుంది. 231లోంచి 101 తీసేస్తే 130, అంటే 1.3 బార్. కంపెనీ ఫైలుతో ఇదే లెక్కన 0.9 వచ్చేది. ఒక లీటరు ఇంజిన్‌కి ఆ తేడా తక్కువేం కాదు.

అసలు కథ స్పార్క్ టైమింగ్ కాలమ్‌లో ఉంది. 3,400 దగ్గర 8 డిగ్రీలు. కింది వరుసలో 3. దాని కింద సున్నా. అక్కడి నుంచి మెల్లగా 2, 4, 5 అని ఎక్కి, 4,300 దగ్గర మళ్ళీ ఒక్కసారిగా 1. గీత గీస్తే అచ్చం రంపం పళ్ళే. నాక్ సెన్సార్‌కి చప్పుడు వినపడగానే ఈసీయూ టైమింగ్‌ని ఒక్కసారిగా వెనక్కి లాగేస్తుంది, కాసేపు సద్దుమణిగితే కొద్దికొద్దిగా ముందుకి తెస్తుంది, మళ్ళీ వినపడితే మళ్ళీ లాగుతుంది. పాపం ఆ ఈసీయూ నాలుగు నెలలుగా నా ఇంజిన్‌ని అలా కాపాడుకొస్తోందన్నమాట, డ్రైవింగ్ సీట్లో కూర్చుని నేను పికప్ అదిరిందనుకుంటున్నాను.

అయితే ఒక్క పతనం చూసి గోల చేయకూడదు. గేరు మారుస్తున్నప్పుడూ చక్రం జారినప్పుడూ కూడా ఈసీయూ కావాలనే టైమింగ్ తగ్గిస్తుంది. నేను మూడుసార్లు తీస్తే మూడింటిలోనూ అదే ఆర్‌పీఎంల దగ్గర పడింది, అందుకే నమ్మాను. ఇంకో సంగతి, మామూలు ఓబీడీలో కనిపించే టైమింగ్ ఒకటో సిలిండర్‌ది మాత్రమే. సిలిండర్ వారీగా నాకింగ్ ఎంతో చూడాలంటే ఆయా కంపెనీ ఈసీయూని చదవగల సాఫ్ట్‌వేర్ కావాలి, అది ట్యూనర్ల దగ్గర ఉంటుంది. ఉండీ చూపించకపోతే అనుమానించాల్సిందే.

అన్ని కాలమ్‌లూ కలిపి చదవాలి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు మొదటి హెచ్చరిక అని మన దగ్గర చిన్నపిల్లలకి కూడా తెలుసు, కానీ ఆ ఒక్క అంకె విని ఎవరూ సామాన్లు సర్దరు, భద్రాచలం దగ్గర పెరుగుతోందా తగ్గుతోందా అని అడుగుతారు. ఇదీ అంతే. తెల్లవారి ఆరింటికి తీసిన లాగ్‌లో లోపలి గాలి వేడి 41 డిగ్రీలు, టైమింగ్ పడింది రెండు డిగ్రీలే. అదే రోడ్డు, అదే గేరు, అదే పెట్రోల్, మధ్యాహ్నం రెండింటికి తీస్తే గాలి 62, టైమింగ్ సున్నా దాకా పడిపోయింది. షాపు కుర్రాడు జనవరి సాయంత్రం ట్రయల్ వేసి బాగుందన్నాడు మరి!

పెట్రోల్ సంగతీ ఉంది. మన బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపినది. దాని ఆక్టేన్, అంటే నాకింగ్‌ని తట్టుకునే బలం, 95, అది మంచిదే. కానీ ఉత్త పెట్రోల్ కిలో మండటానికి 14.7 కిలోల గాలి పడితే దీనికి 13.5 దగ్గర సరిపోతుంది, అంటే అదే గాలికి ఇంధనం ఎక్కువ పోయాలి. ఫుల్లుగా తొక్కినప్పుడు ఇంజిన్ చల్లగా ఉండాలని ఈసీయూ ఇంకాస్త ఎక్కువే అడుగుతుంది. నా లాగ్‌లో 5,000 దగ్గర అది అడిగిన లాంబ్డా 0.85, వచ్చింది 0.94. ఈ అంకె ఎంత తక్కువైతే ఇంధనం అంత ఎక్కువ పోతున్నట్టు. అడిగినంత అందలేదు, పైనేమో గాలి వేడి, బూస్ట్ ఎక్కువ. ప్లగ్గు చిట్లక ఏమవుతుంది?

షాపుకెళ్ళి లాప్‌టాప్ తెరిచి చూపిస్తే ఆ కుర్రాడు, తప్పు చెప్పకూడదు, ఎదురు మాట్లాడలేదు. ఆ ఫైలు బయటి దేశం నుంచి కొన్నదనీ 98 ఆక్టేన్ పెట్రోల్‌కి చేసిందనీ ఒప్పుకుని, "ఇన్నేళ్ళలో లాగ్ తెచ్చింది మీరొక్కరే బాబాయ్ గారూ" అన్నాడు. పాత ఫైలు తిరిగి ఎక్కించేశాడు. అది దాచి ఉంచాడు, అదృష్టం.

నేనూ తప్పు చేసినవాణ్ణే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ స్పెసిఫికేషన్లకి భిన్నంగా బండిని మార్చొద్దంటుంది, 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5,000 జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ రెండూ గానీ పడొచ్చు. వారంటీ ఎలాగూ పోతుంది. ఇవి కూడా మీ వ్యాసంలో లేవు. లాగ్ తీసేటప్పుడు నడిపేవాడు ఫోన్ చూడకూడదు, పక్కన ఇంకో మనిషి ఉండాలి, కాలువ గట్టు రోడ్ల మీద అసలు వద్దు, డైనో (బండిని రోలర్ల మీద నిలబెట్టి నడిపించే యంత్రం) ఉన్నచోట తీయించుకుంటే ఇంకా మేలు.

మీకు నా మనవి ఒక్కటే. ఈసారి ఇలాంటి వ్యాసం వేస్తే హార్స్‌పవర్ గ్రాఫ్ పక్కన ట్యూన్‌కి ముందు లాగ్, తర్వాత లాగ్ కూడా అడిగి వేయండి, అదీ ఎండలో తీసినది. నా ఎక్సెల్ ఫైళ్ళు జాగ్రత్తగానే ఉన్నాయి, పాత ఫైలు ఎక్కించాక తీసినది కూడా ఉంది, అందులో టైమింగ్ గీత పళ్ళు లేకుండా సాఫీగా వెళ్తోంది. మీ విలేకరి వస్తే చూపిస్తాను. పొద్దున పదిలోపు చెరువు దగ్గరే ఉంటాను.

పేరు వేయకండి, పైన రాసిన సెక్షన్ నాకూ వర్తిస్తుంది.

– ఒక ఆక్వా రైతు, ఉండి మండలం, పశ్చిమ గోదావరి జిల్లా