క్యాష్ కౌంటర్లో కూర్చునే మా చిట్టికి

శ్రీకాకుళం

చిరంజీవి చిట్టికి నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం.

బ్యాంకు క్యాష్‌లో 400 తగ్గిందని, మేనేజరుగారు అందరి ముందూ కేకలేశారని, సీటు మార్చమని అడుగుతానని ఫోన్లో అన్నావు. ఇప్పుడప్పుడే అడగొద్దమ్మా. భయమేసిన చోటు నుంచి లేచిపోతే ఆ పూటకి గుండెదడ తగ్గుతుంది గానీ భయం ఆ సీటునే పట్టుకుని ఉండిపోతుంది. ఆర్నెల్ల తర్వాత మళ్లీ అక్కడే కూర్చోమంటే ఇప్పటికన్నా కష్టమవుతుంది. బొబ్బిలి బ్రాంచిలో అదే కౌంటర్లో ఉంటూ పద్ధతి మార్చుకో. ధైర్యం వచ్చాక పని చేద్దామనుకుంటే అది రాదు. పని కుదురుతున్నకొద్దీ అదే వస్తాది.

ముందు ఆ 400 సంగతి చూద్దాం. ఆ అంకె ఊరికే రాదు. వంద నోటు ఇవ్వాల్సిన చోట ఐదువందల నోటు వెళ్లిపోతే పోయేది సరిగ్గా 400. రెండువందల బదులు ఐదువందలు వెళ్తే 300. నూరేసి నోట్లుండే పాకెట్టే మారిపోతే, వందల పాకెట్ 10,000, ఐదువందల పాకెట్ 50,000 కాబట్టి, తేడా 40,000. కొత్త నోట్లు రెండు అంటుకుపోయి వెళ్తే తగ్గేది ఒక్క నోటు విలువే. అందుకని 400 తగ్గినప్పుడు ఆ రోజు వోచర్లన్నీ తిరగెయ్యక్కర్లేదు. వోచర్ల వెనక రాసిన డినామినేషన్‌లో, అంటే ఏ నోట్లు ఎన్నో రాసే లెక్కలో, వందరూపాయల నోట్లు ఉన్నవి మాత్రం పక్కకి తియ్యి. గుట్టలో కొన్నే మిగులుతాయి. వాటి టైములు రాసుకుని, సీసీ కెమెరాలో ఆ నిమిషాలు మాత్రం చూపించమని అడుగు. రోజంతా చూపించమంటే ఎవరికీ ఓపిక ఉండదు, ఇన్ని నిమిషాలని చెప్తే చూపిస్తారు.

డబ్బు సరిగ్గానే ఉండి ఎంట్రీ తప్పు పడే సందర్భాలూ ఉంటాయి. తేడా తొమ్మిదితో భాగించబడుతోందంటే ముందు అంకెలు తారుమారయ్యాయేమో చూడు. 6,450 ఇచ్చి 6,540 అని కొడితే తేడా 90. అది కాకపోతే తేడాని సగం చెయ్యి. 12,000 ఎక్కువ ఉందంటే 6,000 జమని ఎక్కడో విత్‌డ్రాయల్‌గా కొట్టి ఉండొచ్చు, 12,000 తక్కువైతే దానికి తిరగేసి. ఈ రెండు లెక్కలూ ఒక చీటీ మీద రాసి డ్రాయరు మూతకి లోపల అంటించుకో. కంగారులో బుర్ర పని చెయ్యదు, చీటీ పని చేస్తుంది.

తప్పులు ఎక్కువగా ఒక్కచోటే పుడతాయి: బల్ల మీద ఒకేసారి ఇద్దరి డబ్బు ఉన్నప్పుడు. ఒకరి పని పూర్తయ్యేవరకూ రెండో వాళ్ల పాస్‌బుక్ కూడా అందుకోకు. జమ చేసేవాళ్ల డబ్బు వాళ్ల కళ్ల ముందే లెక్కపెట్టి, చలానాలో రాసిన నోట్లతో సరిచూసి, వాళ్లు సరేనన్నాకే డ్రాయరులో వెయ్యి. ఒకసారి కలిసిపోయాక ఎవరి నోటు తగ్గిందో దేవుడు కూడా చెప్పలేడు. ఇచ్చేటప్పుడు అంకెల్లోనూ అక్షరాల్లోనూ మొత్తం చూసి, సంతకం చూసి, డినామినేషన్ రాసి, మెషిన్ మీద ఒకసారి, చేత్తో ఒకసారి లెక్కపెట్టు. అప్పుడు "ఎంతమ్మా?" అని అడుగు. మొత్తం నువ్వు చెప్పకు, వాళ్ల నోటితో చెప్పించు. నువ్వు చెప్తే వాళ్లు తలూపుతారంతే.

భోజనానికి లేచేముందు ఒకసారి డ్రాయరు లెక్కపెట్టి కంప్యూటర్లోని క్యాష్‌తో సరిచూడు. పావుగంట పడుతుంది. సాయంత్రం తేడా వస్తే సగం వోచర్లే వెతకాలి, మనసుకీ సగం బరువు తగ్గుతుంది.

ఇంకొకటి, ఇది గట్టిగా చెప్తున్నాను. తగ్గినదాన్ని గుట్టుగా పర్సులోంచి కలిపెయ్యకు. నిన్న ఎక్కువ వచ్చినదాన్ని దాచి ఇవాళ తక్కువకి సర్దకు. ఎక్కువ వస్తే అది ఆ రోజే ఖాతాలో చూపించాలి, తక్కువైతే చెప్పి కట్టాలి. దాచిన 400 బయటపడితే అది పొరపాటు అనిపించుకోదు, నిజాయితీ మీదకి వస్తుంది. తేడా కనిపించిన పది నిమిషాల్లో క్యాష్ ఆఫీసరుకి చెప్పు. "సార్, 400 తక్కువుంది. వందలున్న వోచర్లు తీశాను, ఈ మూడింటి మీద అనుమానం" అని చెప్పు. "సార్, క్యాష్ కలవట్లేదు" అని ఏడుపు గొంతుతో అంటే అవతలివాళ్లకీ ఏం చెయ్యాలో తెలీదు. ఆ అయోమయమే చాలాసార్లు కోపంగా బయటికొస్తుంది.

మేనేజరుగారు అన్న మాటల్ని ఒక కాయితం మీద రెండు వరసల్లో రాయి. పని గురించి అన్నవి ఒక వరస, నీ గురించి అన్నవి ఇంకో వరస. మొదటి వరసలో మూడో నాలుగో ఉంటాయి, వాటికి రేపు ఏం చెయ్యాలో పక్కనే రాసుకో. రెండో వరస చింపెయ్యి. అందరి ముందూ అరవడం ఆయన చేసిన తప్పు, దాన్ని నువ్వు మొయ్యక్కర్లేదు.

ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వవేత్త 1977లో, మన చేతనవుతుందన్న నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందని చెప్పారు. స్వయంగా చేసి నెగ్గడం, మనలాంటివాళ్లు చేస్తుంటే చూడడం, పక్కవాళ్లు చెప్పే మాట, మన ఒంట్లో కలిగే కంగారుని మనం అర్థం చేసుకునే తీరు. వీటిలో మొదటిదానికే బలం ఎక్కువ. నేను ఫోన్లో చెప్పే ధైర్యం మూడోది, అదొక్కటే నమ్ముకోకు. మీ సీనియర్ క్యాషియర్ పక్కన ఓ అరగంట కూర్చుని ఆవిడ చేతులు చూడు, నోట్లు ఏ వైపు పెడుతోందో, ఎప్పుడు ఆగుతోందో. అది రెండో దారి.

మన ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం తెచ్చింది కదా. మొదటి విభాగంలో 110, రెండోదాంట్లో 130, మొత్తం 240 కిలోలు. చివరి ప్రయత్నంలో 137.5 నిలవలేదు. నిలవనంత మాత్రాన అంతకుముందు ఎత్తిన 130ని ఎవరూ కొట్టెయ్యలేదు. ఆ పోటీలో ఒక్కో విభాగానికి మూడే అవకాశాలు, ఒకసారి పెట్టిన బరువు తగ్గించడానికి వీల్లేదు. అందుకే మొదటి ఎత్తుకి ఖాయంగా లేచే బరువే పెట్టుకుంటారు. నువ్వూ అంతే చెయ్యి. ఈ రెండు వారాలూ వేగం గురించి ఆలోచించకు. క్యూ పెరుగుతుంది, "ఏటమ్మా, ఎంతసేపు నిలబెట్టేస్తారు" అంటారు. "రెండు నిమిషాలండీ, మీ డబ్బు మళ్లీ ఒకసారి చూసి ఇస్తాను" అను. డ్వాక్రా అక్కలు ఆ మాటకి ఊరుకుంటారు, వాళ్లకీ లెక్కే ముఖ్యం. క్యాష్ కలిసిన ప్రతి రోజూ నోట్‌బుక్‌లో తేదీ వేసి టిక్కు పెట్టు. తర్వాత ఒకరోజు తప్పు పడినా ఆ టిక్కులు అక్కడే ఉంటాయి.

చేతులు వణికితే నోట్లు కింద పెట్టు. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఆరు అంకెలంతసేపు వదులు. ఐదారుసార్లు చాలు. టిఫిన్ మానెయ్యకు. ఆకలి మీద వచ్చే వణుకుని భయమనుకుంటావు. రాత్రి పడుకున్నాక వోచర్లు గుర్తొస్తే లేచి చీటీ మీద రాసి పడుకో.

నిద్రపట్టకపోవడం, ఆకలి లేకపోవడం, దేని మీదా మనసు పోకపోవడం రెండు వారాలు దాటితే మాత్రం పద్ధతులతో లాక్కురావద్దు, డాక్టరుకి చూపించాలి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీమానస్, 14416కి ఏ వేళైనా చెయ్యొచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. నాతో చెప్పలేనిది అక్కడ చెప్పు, నేనేం అనుకోను.

నెలాఖరున గ్రామ సచివాలయాలవాళ్లు ఊళ్లో పంచే పింఛన్ల డబ్బుకి వస్తారు. ఎక్కువమందికి ఇచ్చేది 4,000, అంటే ఐదువందలవి ఎనిమిది నోట్లు, వాళ్లకి అవే కావాలి. ఒకరోజు ముందే క్యాష్ ఆఫీసరుకి చెప్పి ఐదువందల బండిళ్లు సిద్ధంగా పెట్టించుకో. కౌంటింగ్ మెషిన్ సెన్సార్ల మీద దుమ్ము చేరితే లెక్క తప్పుతుంది. ఆ రోజు పొద్దున్నే బ్రష్‌తో తుడిపించి, నువ్వు చేత్తో లెక్కపెట్టిన ఒక పాకెట్ దాని మీద మూడుసార్లు తిప్పి చూసుకో.

ఇట్లు,
మీ నాన్న