జ్యోతికి నాన్న ఉత్తరం

అమ్మా జ్యోతీ,

ఈ వారమంతా నాకు నైట్ షిఫ్టే. నేను డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి నువ్వు కాలేజీకని అంబత్తూరులో రైలెక్కేసి ఉంటావు. ఫోన్లో అయితే సగం మాటలు మింగేస్తాను, అందుకే రాస్తున్నాను.

సాయంత్రం పూట డేటా ఎంట్రీ పనికి వెళ్తానన్నావట, మీ అమ్మ చెప్పింది. వద్దు. చెన్నై సెంట్రల్‌లో దిగి, పార్క్ స్టేషన్‌కి నడిచి, మళ్లీ గిండీకి రైలెక్కి పోయిరావడానికే నీ ఓపికంతా అయిపోతోంది. పైగా ఈ పని కూడా పెట్టుకుంటే అటెండెన్స్ 75 శాతం కంటే తగ్గిపోతుంది, పరీక్షే రాయనివ్వరు.

ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివేది నువ్వేనని ఇచ్చిన ఫస్ట్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ వల్ల ట్యూషన్ ఫీజు బాధ తప్పింది. ఆ రాయితీ ఇంటికి ఒక్కరికే కాబట్టి తమ్ముడి వంతు కూడా నువ్వే తినేశావని కుమిలిపోతున్నావు. వాడింకా ఎనిమిదో తరగతి! వాడు కాలేజీకొచ్చే నాటికి నువ్వు ఉద్యోగంలో ఉంటావు, వాడితో నువ్వే తేల్చుకో. ల్యాప్‌టాప్ ఖర్చు చదువు లోనులోనే పెట్టుకోవచ్చు. నాలుగు లక్షల దాకా మన చేతి డబ్బు కట్టక్కర్లేదు, తాకట్టు అడగరు, కోర్సు అయ్యాక ఇంకో ఏడాది వరకు కిస్తీ మొదలవదు. అప్పంటే నాకూ భయమే, కానీ ఇది మా వర్క్‌షాపులో వాళ్లు తీసుకునే వడ్డీ అప్పు లాంటిది కాదు.

అసలు సంగతికొస్తాను. మాథ్స్‌లో ఫెయిలై అరియర్ పడింది. పడితే పడింది. సెమిస్టరంతా ఒక్కసారైనా ఆ మాథ్స్ మేడంని డౌట్ అడిగావా అని అమ్మ అంటే నువ్వు మాట్లాడలేదట. ఇంగ్లీషులో తప్పు పోతే నవ్వుతారని టెన్షనట.

మీ గిండీ ఇంజనీరింగ్ కాలేజీలోనే 1940లో అయ్యలసోమయాజుల లలిత గారు చేరారు. మన తెలుగావిడే. 18 ఏళ్లకే భర్తను పోగొట్టుకున్నారు, చంటిబిడ్డ తల్లి. ఎలక్ట్రికల్ ఇంజనీరయ్యారు. అందరూ ఆవిడ ధైర్యమే చెబుతారు. నాకు మాత్రం వాళ్ల నాన్న పప్పు సుబ్బారావు గారు కనిపిస్తారు. ఆయన అదే కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. అప్పటికి ఆడపిల్లలెవరూ లేని చోట కూతుర్ని చేర్చుకోమని ప్రిన్సిపాల్ చాకో గారిని తానే అడిగారు. నేను మీ గేటు దాటి లోపలికొచ్చినా ఎవర్ని కలవాలో తెలియదు. ఏ ప్రొఫెసర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో, ఇంటర్న్‌షిప్‌కి మెయిల్ ఎలా రాయాలో నీ క్లాసులో కొందరికి ఇంట్లోనే చెబుతారు. నీ తరఫున అడిగేవాళ్లు లేరు కాబట్టి నువ్వే నోరు తెరవాలి. అడగందే అమ్మైనా పెట్టదు. ఇంగ్లీషు రాకపోతే తమిళంలో అడుగు. డౌట్ తీర్చడానికే కదా వాళ్లకి జీతం ఇస్తున్నది.

అన్నట్టు, నిన్న నీ డ్రాయింగ్ షీటు చూశాను. ప్లాన్‌ని (పైనుంచి చూసిన బొమ్మ) ఎలివేషన్‌కి (ఎదురుగా చూసిన బొమ్మ) పైన వేశావు. అది థర్డ్ యాంగిల్ పద్ధతి. షీటు మీద ఫస్ట్ యాంగిల్ అని రాసి ఉంది, అంటే ప్లాన్ కిందికి రావాలి. ఇలాంటి డ్రాయింగులు చూసే నేను రోజూ లేత్ మీద షాఫ్టులు తీస్తున్నాను. ఆదివారం షీట్లన్నీ ముందేసుకుని కూర్చుందాం. మాథ్స్ మాత్రం నా వల్ల కాదు.

బ్యాంకుకి బోనఫైడ్ సర్టిఫికెట్, ఫీజు వివరాల కాగితం కావాలి. ఆఫీసులో అడిగి తీసుకో. అదే పూట మేడం గదికీ వెళ్లు. ఏ లెక్క దగ్గర ఆగిపోయావో ఆ పేజీ మడతపెట్టి పట్టుకెళ్లు.

మీ నాన్న