గేట్ నెగ్గినా బీటెక్ శాతమే అడ్డమా?

సంపాదకులకు నమస్కారం.

ఎంటెక్ ప్రవేశాలు మొదలైనప్పుడల్లా మన రెండు రాష్ట్రాల్లోనూ కొందరు విద్యార్థులు చడీచప్పుడు లేకుండా వెనుదిరుగుతున్నారు. ఎంటెక్ కోసం దేశవ్యాప్తంగా జరిగే గేట్ పరీక్షలో అర్హత సాధించి కూడా, బీటెక్‌లో శాతం చాలలేదన్న ఒకే కారణంతో సీటుకు దూరమవుతున్న వీరి గురించి పట్టించుకునేవారు కనిపించడం లేదు. ఇంజనీరింగ్ కళాశాలలో చాలా ఏళ్లు మెకానికల్ పాఠాలు చెప్పిన అధ్యాపకుడిగా, ఈ విషయాన్ని మీ పత్రిక ద్వారా ఉన్నత విద్యామండళ్ల దృష్టికి తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను.

గేట్ రాయడానికి డిగ్రీలో ఇన్ని మార్కులు వచ్చి ఉండాలన్న షరతు లేదు. మూడో సంవత్సరం చదువుతున్నవారూ రాయవచ్చు, వచ్చిన స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. తీరా జాతీయ సాంకేతిక సంస్థలైన ఎన్ఐటీల్లో ఎంటెక్ సీట్లు నింపే సీసీఎంటీ కౌన్సెలింగ్ దగ్గరికి వచ్చేసరికి జనరల్, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ అభ్యర్థులకు 60 శాతం లేదా 6.5 సీజీపీఏ (అన్ని సెమిస్టర్ల గ్రేడు పాయింట్ల సగటు, పదికి), ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు 55 శాతం లేదా 6.0 సీజీపీఏ ఉండి తీరాలంటారు. ఎంటెక్ ప్రవేశాలకు మన రెండు రాష్ట్రాలు నిర్వహించే పీజీఈసెట్‌లలో ఈ హద్దు 50 శాతం, రిజర్వుడు వర్గాలకు 45 శాతం. దేశమంతటితో పోటీపడి నెగ్గిన విద్యార్థిని, నాలుగేళ్ల కిందటి మార్కుల మెమో చూసి గుమ్మంలోనే ఆపేస్తున్నామన్నమాట.

ఆ మెమోను ఎవరైనా సెమిస్టర్ల వారీగా చదువుతున్నారా అన్నదే నా ప్రశ్న. జిల్లా పరిషత్ పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివి ఇంజనీరింగ్‌లో చేరిన నా విద్యార్థి ఒకరికి మొదటి సెమిస్టర్‌లోనే గణితం, ఫిజిక్స్, ఇంజనీరింగ్ డ్రాయింగ్ పోయాయి. డ్రాయింగ్ షీటు ముందు కూర్చుని, ప్రశ్నలో చెప్పిన ఘనం ఏ తలం మీద ఎంత వాలి ఉందో ఇంగ్లిషు వాక్యంలోంచి తేల్చుకునేలోపే అతనికి సగం సమయం అయిపోయేది. గీత గీయడం వచ్చు, ప్రశ్న అర్థమయ్యేది కాదు. ఆ సబ్జెక్టులను సప్లిమెంటరీల్లో కనీస గ్రేడుతో గట్టెక్కించాడు. మూడో సంవత్సరం నుంచి భాష పట్టుబడింది, హీట్ ట్రాన్స్‌ఫర్ లెక్కలను తోటివారికి తానే చెప్పే స్థాయికి వచ్చాడు, చివరి సెమిస్టర్లలో గ్రేడు పాయింట్లు ఏడు దాటాయి. అయినా మొదటి రెండేళ్ల భారం వల్ల మొత్తం సీజీపీఏ ఆరుకు కొంచెం పైనే ఆగిపోయింది. గేట్‌లో అర్హత పొందినా అతను ఆ కౌన్సెలింగ్‌లో అడుగుపెట్టలేకపోయాడు. గేట్ ద్వారా చేరినవారికి నెలకు 12,400 రూపాయల ఉపకారవేతనం వస్తుంది కాబట్టి, అలాంటి కుటుంబానికి ఆ సీటు పోవడమంటే చాలాసార్లు చదువే ఆగిపోవడం.

శాతం లెక్కలోనూ ఏకరూపత లేదు. హైదరాబాద్ జేఎన్‌టీయూ ఇటీవలి నిబంధనల్లో సీజీపీఏ నుంచి 0.5 తీసివేసి పదితో గుణిస్తారు. 0.75 తీసివేసే పద్ధతి పాటించే చోట్లూ ఉన్నాయి. 5.6 సీజీపీఏ ఉన్న విద్యార్థికి మొదటి పద్ధతిలో 51 శాతం, రెండో పద్ధతిలో 48.5 శాతం వస్తుంది. ఒకే చదువు, ఒకే గ్రేడు, అయినా 50 శాతం హద్దుకు ఒకరు ఇవతల, మరొకరు అవతల పడుతున్నారు. ఒక పిల్లవాడి భవిష్యత్తు ఈ పావు పాయింటు మీద ఆధారపడటం ఏ విధంగానూ న్యాయం కాదు.

కనీస మార్కులు లేకపోతే ప్రమాణాలు పడిపోతాయని అనేవారున్నారు. ఆ ఆందోళనను నేను తేలిగ్గా తీసుకోను, పునాది లేనివారిని చేర్చుకుంటే నష్టపోయేది ఆ విద్యార్థే. కానీ పునాది ఉందో లేదో తేల్చడానికే కదా ప్రవేశ పరీక్ష పెట్టుకున్నాం! యూజీసీ 2024లో వెలువరించిన పీజీ పాఠ్యప్రణాళికా చట్రం, డిగ్రీలో ఏ సబ్జెక్టు చదివినా ప్రవేశ పరీక్షలో నెగ్గితే వేరే సబ్జెక్టులో పీజీ చేయవచ్చని అంటోంది. సబ్జెక్టు మారడానికి సరిపోయే ప్రవేశ పరీక్ష, అదే సబ్జెక్టులో పాత మార్కుల లోటును పూడ్చడానికి ఎందుకు సరిపోదు? అనుమానం తీరకపోతే ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ కోర్సులున్నాయి. వాటిని ఉచితంగానే చదువుకోవచ్చు, సర్టిఫికెట్ కావాలంటే కేంద్రానికి వెళ్లి పర్యవేక్షణలో పరీక్ష రాయాలి. ఇంజనీరింగ్ గణితంలో అలా సాధించిన తాజా మార్కును, మొదటి ఏడాదిలో పోయిన గణితానికి సమాధానంగా ఎందుకు తీసుకోకూడదు?

ఇక్కడ తలుపులు మూసుకున్న పిల్లలు ఎక్కడికి వెళుతున్నారో కూడా చూడాలి. చాలామంది విదేశీ చదువుల కన్సల్టెన్సీల మెట్లెక్కుతున్నారు. నిజాయితీగా దారి చూపేవారు లేకపోలేదు గానీ, తప్పిన సబ్జెక్టులు (బ్యాక్‌లాగ్‌లు) కనిపించకుండా మెమోలు మార్చి ఇస్తామనేవారూ ఉన్నారు. నకిలీ సర్టిఫికెట్ల ముఠాలు హైదరాబాద్, వరంగల్ పోలీసులకు చిక్కిన వార్తలు మీ పాఠకులకు తెలిసినవే. దొరికితే వీసా, డబ్బు, పరువు అన్నీ పోయేది విద్యార్థికే. తక్కువ మార్కులకు కారణమేమిటో, తర్వాత ఎలా నిలదొక్కుకున్నారో దరఖాస్తులో ఉన్నదున్నట్టు రాసి, తమ చదువు ఎరిగిన అధ్యాపకుల సిఫారసు లేఖలతో విదేశాల్లో సీట్లు తెచ్చుకున్నవారిని నేను ఎరుగుదును. నిజం చెప్పినవారికి అక్కడ దొరుకుతున్న అవకాశం ఇక్కడ ఎందుకు దొరకకూడదు?

తెలంగాణ ఉన్నత విద్యామండలి, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి వచ్చే పీజీఈసెట్ నోటిఫికేషన్‌కు ముందే ఈ నిబంధనను సమీక్షించాలని కోరుతున్నాను. గేట్‌లో గానీ పీజీఈసెట్‌లో గానీ అర్హత పొందినవారికి మొత్తం శాతానికి బదులు చివరి నాలుగు సెమిస్టర్ల సగటును చూడాలి. సీజీపీఏను శాతంగా మార్చడానికి రెండు రాష్ట్రాల్లోని విశ్వవిద్యాలయాలన్నిటికీ ఒకే సూత్రం ఉండాలి. ఎన్ఐటీల విషయంలోనూ ఇదే ప్రతిపాదనను రెండు ప్రభుత్వాలు కేంద్ర విద్యాశాఖకు పంపాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
కాకినాడ