చెరువు గట్టున బండిలో కాపురం: కార్యదర్శి వార్షిక నివేదిక

విశాఖలోని మన సంఘం సభ్యులందరికీ నమస్కారం.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. నెలనెలా సమావేశాలు జరిగాయి, అక్టోబరుది మాత్రం వానకి ఎగిరిపోయింది. కంటి పరీక్షల శిబిరం ఒకటి, ట్రావెల్ ఇన్సూరెన్స్ మీద సమావేశం ఒకటి పెట్టాం. ఆడిటరు సంతకం చేసిన జమాఖర్చుల కాగితం దీనికి జతచేశాం. చందా బాకీలు తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు. ఈ ఏడాది మనల్ని విడిచి వెళ్లిన ఇద్దరు సభ్యుల కుటుంబాలకు సంఘం తరఫున మరోసారి సానుభూతి.

ఈ ఏడాది జనం బాగా వచ్చిన సమావేశం ఏదంటే సెప్టెంబరులో పెట్టిన అమెరికా కబుర్లే. కుర్చీలు చాలక ఎదురు ఫ్లాటు వాళ్లవి తెచ్చుకున్నాం. వేసవికి పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన ఆరు కుటుంబాలు మాట్లాడాయి. నయాగరా గురించి చెబుతారనుకుంటే, నాలుగు కుటుంబాలు సరస్సు ఒడ్డున ఆర్వీ పార్కులో ఉండొచ్చిన సంగతే చెప్పాయి. వచ్చే వేసవికి వెళ్లేవాళ్లు అప్పటి నుంచీ ఫోన్లు చేసి అడుగుతున్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆర్వీ అంటే మంచాలు, వంటగది, బాత్రూము అన్నీ ఉన్న బండి. మన పిల్లలు ఎక్కువగా అద్దెకు తీసుకుంటారు. పార్కులో మనకిచ్చిన చోట దాన్ని నిలుపుకోవాలి. ఆ చోటు దగ్గర కరెంటు స్తంభం, నీళ్ల కుళాయి, మురుగు గొట్టం తగిలించే కన్నం, మూడూ ఉంటే ఫుల్ హుకప్ అంటారు. బుక్ చేసేటప్పుడు సూర్యాస్తమయం ఫోటో చూడకండి, ఈ మూడూ ఉన్నాయో లేదో చూడండి. ఇది నా సొంత అభిప్రాయం, కార్యవర్గం తీర్మానం కాదు.

ఎం.వి.పి. కాలనీ దంపతుల కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. వాళ్లు వెళ్లింది టెక్సాస్, ఓక్లహోమా సరిహద్దులోని లేక్ టెక్సోమాకి. రెడ్ రివర్ మీద 1944లో పూర్తయిన డెనిసన్ డ్యామ్ వల్ల ఏర్పడిన జలాశయం అది. విస్తీర్ణం దాదాపు 89,000 ఎకరాలు. మన ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ జలాశయాలు చూసిన కళ్లకి అది మన బీచ్‌లాగే కనిపించిందట. ఎగువన నదిలో ఉప్పు నిక్షేపాలు కలుస్తాయి కాబట్టి నీళ్లు కూడా కాస్త ఉప్పగానే ఉంటాయి. స్ట్రైప్డ్ బాస్ అనే చారల చేప అక్కడ సహజంగానే గుడ్లు పెట్టి పెరుగుతుంది. చేపలు పట్టాలంటే లైసెన్సు ఉండాలి. సరస్సు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది కాబట్టి రెండు వైపులా చెల్లే టెక్సోమా లైసెన్సు వేరే ఇస్తారు. ఆయన రెండు చేపలు పట్టి పులుసు పెట్టించారు. పండుగప్పతో పోలిస్తే ఎలా ఉందని అడిగితే నవ్వేసి ఊరుకున్నారు.

చేపల కథ బాగానే ఉంది కానీ, వాళ్లకి దొరికిన చోట కరెంటు తప్ప ఇంకేమీ లేదు. నీళ్లు బండి ట్యాంకులో తెచ్చుకున్నవే, 40 గ్యాలన్లు, అంటే సుమారు 150 లీటర్లు. మనుషులు అయిదుగురు, రాత్రులు రెండు. వేడినీళ్ల గీజరు 6 గ్యాలన్లది, మన బకెట్టు మీద ఓ చెంబెడు ఎక్కువ. మొదటి రోజు పొద్దున మనవడు షవరు తిప్పి పాట అందుకున్నాడు. పాట అయ్యేసరికి గీజరు ఖాళీ, ట్యాంకు ముల్లు సగానికి దిగింది. ఆవిడ ఇక షవరు మాట ఎత్తనివ్వలేదు. అన్నం వండే పెద్ద గిన్నెలో నీళ్లు పట్టి, ఖాళీ పెరుగు డబ్బాతో అందరి స్నానాలూ కానిచ్చేశారు. “2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు బిందె పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడినదాన్ని, నాకు నీళ్లు వాడడం నేర్పుతారా” అన్నారావిడ సమావేశంలో. చప్పట్లు కొట్టారు.

వెళ్లిపోయే రోజు డంప్ స్టేషన్ దగ్గర, అంటే బండి మురుగు వదిలే చోట, ఆగాలి. మురుగు ట్యాంకులు రెండు: మరుగుదొడ్డిది ఒకటి, స్నానం, వంట నీళ్లది ఇంకొకటి. మరుగుదొడ్డిదే ముందు వదలాలి. తర్వాత వదిలే సబ్బు నీళ్లతో గొట్టం కడిగినట్టవుతుంది. కొడుకు చేతికి గ్లవుజులు తొడుక్కుని, మోకాళ్ల మీద కూర్చుని గొట్టం బిగిస్తుంటే ఆయన పక్కనే నిలబడి చూశారు. ఇక్కడున్నప్పుడు తాగిన గ్లాసు సింకులో పెట్టని పిల్లాడట. ఆ ఫోటో తీశారు. కోడలు వద్దన్నందుకు మాకు చూపించలేదు.

గాజువాక మాస్టారిది కరెంటు కథ. ఉద్యోగం అంతా ఎలక్ట్రికల్ పనే కాబట్టి లెక్కతో సహా చెప్పారు. వాళ్ల బండికి 30 ఆంపియర్ల కనెక్షన్, అక్కడ 120 వోల్టులు, అంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్ పెట్టారు, అదీ సరిపోయింది. కాఫీ కోసం కెటిల్ కూడా పెట్టేసరికి ఫట్. ఇక్కడి నుంచి పట్టుకెళ్లిన మిక్సీ సంగతి అడగొద్దన్నారు. ఆవాలు చిటపటలాడగానే స్మోక్ అలారం కూడా మోగిందట. తాలింపు పెట్టాలంటే కిటికీ తీసి, పైన ఫ్యాను వేశాకే మూకుడు పెట్టాలి.

ఆయన ఉన్నది మిషిగన్‌లో. రాత్రి 10 దాటితే పార్కులో గట్టిగా మాట్లాడకూడదు. మనకి అప్పుడు పొద్దున్న ఏడున్నర. సరిగ్గా బీచ్ రోడ్డులో వాకింగ్ ముగించి ఆయన అన్నగారు ఫోన్ చేసే వేళ. మాస్టారికి చెవి సరిగా వినపడదు కాబట్టి స్పీకరు పెడతారు. రెండో రాత్రి పక్క బండాయన వచ్చి, చాలా మర్యాదగా, మీ ఇంట్లో అంతా క్షేమమేనా అని అడిగాడట. ఇంకో రూలు: కట్టెలు ఇంటి నుంచి మోసుకెళ్లకూడదు, అక్కడే కొనుక్కోవాలి. యాష్ చెట్లను చంపే ఒక పచ్చ పురుగు 2002లో మిషిగన్‌లోనే బయటపడింది, కట్టెల్లో దాక్కుని ఊళ్లు మారుతుంది.

అక్కయ్యపాలెం పిన్నిగారు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పారు. బండి మెట్టు ఎత్తుగా ఉంది, మోకాళ్లు ఒప్పుకోలేదు. పడక ఏమో భోజనాల బల్లని కిందికి దించి పైన దిండ్లు పరిచింది. రాత్రి లేవాలంటే పక్కవాళ్లు లేవాలి. పైగా లేక్ వ్యూ అని డబ్బు ఎక్కువ కట్టించుకుని బాత్రూముల వెనక చోటిచ్చారు. అడిగితే, చెట్టు పక్కకి జరిగి చూస్తే నీళ్లు కనిపిస్తాయన్నారట. “సెరువు సూడ్డానికి బాగుందమ్మా, పడుకోడానికే బాగోలేదు.”

పెదవాల్తేరు దంపతులు మటుకు ఇరుగుపొరుగు గురించే చెప్పారు. పక్కన ఒక ముసలి జంట ఇల్లు అమ్ముకుని ఏడాది పొడవునా బండిలోనే ఉంటారు. వీళ్ల బండి ఒక పక్కకి ఒరిగి ఉందని గమనించి, ఆయన పలకలు తెచ్చి చక్రాల కింద పెట్టించి, రసమట్టంతో సరిచూశాడట. వీళ్లు మాడుగుల హల్వా ఇచ్చారు. అది రాత్రికే అయిపోయింది, మర్నాడు పొద్దున పేరు రాసివ్వమని కాగితం పట్టుకుని వచ్చింది ముసలావిడ.

ఇంత విన్నాక కార్తీక వనభోజనాలకి కొండకర్ల ఆవ సరస్సుకి వెళ్లినప్పుడు మనం ఏం చేశామో ఒప్పుకోవాలి. తాటి దోనెల మీద షికారు, పక్షులు, పులిహోర, అన్నీ బాగా కుదిరాయి. కానీ మేం కుదుర్చుకున్న చోట మరుగుదొడ్డికి తాళం, తాళంచెవి ఉన్నాయన ఫోన్ ఎత్తడు. ఆడవాళ్లు మధ్యాహ్నం రెండింటికే బయల్దేరదామన్నారు. ముందు రోజు ఎవరో ఒకరం వెళ్లి చూసి రావాల్సింది. తప్పు కార్యదర్శిది, అంటే నాదే.

వచ్చే ఏడాది తాటిపూడి జలాశయం దగ్గర ఒక రాత్రి బస అనుకుంటున్నాం. గోస్తనీ మీద కట్టిన ఆ తాటిపూడి నీళ్లు మన ఊరి కుళాయిల్లో తాగుతున్నవే. ఈసారి కోశాధికారి, పిన్నిగారు ముందుగా వెళ్లి చూసొస్తారు. మెట్లు, మంచాల ఎత్తు, బాత్రూము తలుపు గడియ చూడడం పిన్నిగారి వంతు. ఆవిడ సరేనంటేనే అడ్వాన్సు కడతాం.

అమెరికా వెళ్లేవాళ్ల కోసం సంఘం ఆఫీసు అల్మారాలో ఒక పెట్టె పెట్టాం. అందులో మడతపెట్టే మెట్టు పీట ఒకటి, ప్లగ్ అడాప్టర్లు నాలుగు, ప్లాస్టిక్ చెంబు ఒకటి ఉంటాయి. రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకెళ్లవచ్చు. అడాప్టర్లు రెండు ఇంకా వెనక్కి రాలేదు. తీసుకెళ్లినవారు సంతకం పెట్టలేదు కానీ, ఎవరో నాకు తెలుసు.

మీ కార్యదర్శి