హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్: పిల్లలకు ఏ బట్టలు వేయాలి?

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు దగ్గరపడగానే ఈత, క్రికెట్ శిబిరాల వివరాలతో పాటు హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవల శిక్షణ వివరాలు కూడా పత్రికలలో కనిపిస్తుంటాయి. ఫీజు, వయసు, వేళలు అన్నీ ఉంటాయి గాని, పిల్లలను ఏ బట్టలతో పంపాలో ఉండదు. అందువల్ల తల్లిదండ్రులు ఇంటి ముందు ఎండ ఎలా ఉందో చూసి బట్టలు వేస్తున్నారు. డింగీ అనే ఈ చిన్న పడవ ఎప్పుడైనా బోల్తా పడవచ్చు. తిరిగి నిలబెట్టడం నేర్పడానికి శిక్షకులు కావాలనే బోల్తా కొట్టిస్తారు కూడా. కాబట్టి తడిసిన ఒంటితో గాలిలో గంటసేపు కూర్చోవలసి వస్తే ఏ బట్టలు పనికివస్తాయన్నదే ఆలోచించాలి.

మన నగరంలో సెయిలింగ్‌కు అసలైన కాలం వానాకాలం. నైరుతి గాలులు బలంగా వీచే జూలైలోనే ఇక్కడ హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పోటీలు జరుగుతూ వచ్చాయి. పగటి ఉష్ణోగ్రత 30 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది కనుక చలి మాట ఎవరికీ తట్టదు. కాని నూలు టీషర్టు పీల్చుకున్న నీరు గాలికి ఆవిరవుతూ ఒంట్లోని వేడిని లాగేస్తుంది, చిన్న శరీరాలు పెద్దవారికంటే త్వరగా చల్లబడతాయి. అందుకే ఆప్టిమిస్ట్ అనే 2.3 మీటర్ల పిల్లల డింగీలో కూర్చున్న పదేళ్ల పిల్ల జూలైలో కూడా వణుకుతుంది. తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకునే జీన్స్ ఇంకా అధ్వానం. ఒంటికి అంటుకుని ఉండే లైక్రా లేదా పాలిస్టర్ చొక్కా, దానిపై మెడ దగ్గరా మణికట్టు దగ్గరా బిగుతుగా ఉండే పల్చని గాలి ఆపే జాకెట్ చాలు. వెనక వేలాడే టోపీ, నాడాలు ఉన్న జాకెట్లు వద్దు, అవి పడవ తాళ్లలో చిక్కుకుంటాయి. వేల రూపాయలు పోసి వెట్‌సూట్ కొనాలా అని అడిగేవారున్నారు. లోపలికి చేరిన కొద్ది నీటిని పట్టి ఉంచి, ఒంటి వేడితోనే దానిని వెచ్చబరిచే ఆ దుస్తులు చల్లని నీళ్లున్న దేశాల అవసరం. మన జూలైలో వాటిలో ఉడికిపోవడమే మిగులుతుంది.

డిసెంబరు, జనవరి ఉదయాలలో మందపాటి స్వెటర్ ఒక్కటి వేసేకంటే రెండు పల్చని పాలిస్టర్ పొరలు, పైన గాలి ఆపే జాకెట్ మేలు. వేసవిలో గాలి తగ్గి ఎండ దెబ్బ పెరుగుతుంది. ఎండ నీటిపై పడి కింది నుంచి కూడా ముఖానికి తగులుతుంది కనుక పూర్తి చేతుల చొక్కా, తాడుతో కట్టుకునే టోపీ ఉండాలి. కాళ్లకు చెప్పులు చాలవు, ఒడ్డున గాజు పెంకులు, ఇనుప చువ్వలు ఉండే ప్రమాదం ఉంది. పాత కాన్వాస్ బూట్లయినా ఫరవాలేదు.

అన్నిటికంటే పైన ఉండవలసినది తేలే జాకెట్. డింగీలో సాధారణంగా వాడే 50 న్యూటన్ల (నీటిలో పైకి తేల్చే బలానికి కొలత) జాకెట్ ఈత వచ్చినవారిని తేలుస్తుందే గాని, స్పృహ తప్పినవారిని వెల్లకిలా తిప్పదు. కాబట్టి ఈత రాని పిల్లలకు అదొక్కటే రక్షణ అనుకోరాదు. ఎదిగే పిల్లలని బడి యూనిఫాం కొన్నట్లు ఒక సైజు పెద్దది కొనడం మన అలవాటు. జాకెట్ విషయంలో అది ప్రమాదం. భుజాల దగ్గర పట్టి పైకి లాగినప్పుడు చెవుల దాకా జారివస్తే అది ఆ బిడ్డది కాదు. ఈ పరీక్ష చేయనిదే ఎవరినీ పడవ ఎక్కించవద్దని శిక్షణ నిర్వాహకులకు, శిబిరాల వివరాలతో పాటు బట్టల జాబితా కూడా ప్రచురించవలసిందిగా మీకు విజ్ఞప్తి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సికింద్రాబాద్