వార్షిక నివేదిక: పాత కేసుల కాగితాల పని

సభ్యులందరికీ నమస్కారం.

పింఛన్ల దరఖాస్తులు, పాసుబుక్కుల సవరణలు ఎప్పటిలాగే నడిచాయి. జమాఖర్చుల పట్టిక సర్వసభ్య సమావేశంలో చదువుతాం. ఈ ఏడు ఎక్కువ సమయం తిన్నది మనవాళ్ల మీదున్న పాత పోలీసు కేసులే కాబట్టి, నివేదిక కూడా వాటి గురించే.

పెద్దవాళ్ల నేర రికార్డును ఒక్క దరఖాస్తుతో తుడిచేసే చట్టం మన దేశంలో లేదు. ‘పేరు తీయిస్తాం’ అని డబ్బులు అడిగేవాళ్లకు పైసా ఇవ్వకండి. కేసు ఎక్కడ ఆగిందో చూడాలి, దానికి తగిన కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాలి, దాన్ని ఠాణా రికార్డులో ఎక్కించాలి. ఈ మూడో పనిని దాదాపు అందరూ వదిలేస్తున్నారు. పాస్‌పోర్టు విచారణలో చాలామంది దొరికిపోయేది అక్కడే.

ముందు నంబర్లు. ఎఫ్ఐఆర్ నంబరు ఠాణాది, సీసీ నంబరు కోర్టుది, రెండూ కావాలి. కోర్టు కేసుల వివరాలు చూపే ఈ-కోర్ట్స్ సైట్‌లో పేరుతో వెతికితే తరచూ దొరకదు, ఒకే పేరును ఇంగ్లిషులో ఒక్కో గుమాస్తా ఒక్కోలా కొడతాడు. ఠాణా పేరు, ఎఫ్ఐఆర్ నంబరు, సంవత్సరంతో వెతకండి. 2016లో జిల్లాలు విడిపోయాయి, 2022లో కొత్త జిల్లా కోర్టులు వచ్చాయి. అందుకని నల్లగొండలో మొదలైన ఫైలు సూర్యాపేటలో, మహబూబ్‌నగర్‌ది వనపర్తిలోనో నాగర్‌కర్నూల్‌లోనో తేలొచ్చు.

మన పాలమూరు వైపు పెద్ద చిక్కు వలసతో వస్తుంది. బొంబాయికి పనికి పోయినవాళ్లు పేషీకి రారు, నాన్‌బెయిలబుల్ వారెంటు పడుతుంది. అయినా దొరకకపోతే కేసును ఎల్పీసీ రిజిస్టరులో, అంటే దీర్ఘకాల పెండింగులో పెడతారు. ఊళ్లో అందరూ కేసు కొట్టేశారనే అనుకుంటారు, వారెంటు మాత్రం బతికే ఉంటుంది. ఇలాంటప్పుడు ఒంటరిగా ఠాణాకు పోవద్దు, అరెస్టు చేస్తారు. వకీలుతో నేరుగా కోర్టులో హాజరై అదే రోజు వారెంటు రీకాల్ పిటిషన్, అంటే దాన్ని వెనక్కి తీసుకోమనే అర్జీ, వేయాలి. జమానతుదారులు ఇద్దరిని, వాళ్ల ఆధార్, ఇంటిపన్ను రసీదులతో సహా వెంట తీసుకెళ్లండి. రీకాల్ ఉత్తర్వు నకలు ఠాణాలో ఇచ్చి రసీదు తీసుకోకపోతే వారెంటు రిజిస్టరులో ఆ నమోదు అలాగే ఉంటుంది.

పేకాట, తాగి బండి నడపడం కేసుల్లో ‘ఫైన్ కట్టి బయటపడ్డా’ అంటుంటారు. బయటపడడం కాదది. నేరం ఒప్పుకుని ఫైన్ కడితే శిక్ష పడినట్టే రికార్డవుతుంది. ఒప్పుకునే ముందే వకీలును అడగండి. తగిన కేసుల్లో, జైలుకు పంపకుండా మందలించి లేదా సత్ప్రవర్తన బాండు మీద వదిలే 1958 ప్రొబేషన్ చట్టం కింద 3 లేదా 4 సెక్షన్ వర్తింపజేయమని శిక్ష ఖరారయ్యే ముందు కోరాలి. కోర్టు అలా వదిలితే, ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హతలు 12వ సెక్షన్ ప్రకారం అంటవు. నిందితుడు 21 ఏళ్లలోపువాడైతే ఈ చట్టం మరింత అనుకూలం.

కొట్లాట కేసుల్లో పెద్దమనుషుల ముందు రాసుకున్న రాజీ కాగితం ఒక్కటే చాలదు. ఫిర్యాదుదారు కోర్టుకొచ్చి చెప్పాలి. రాజీకి వీలున్న సెక్షన్లయితే లోక్ అదాలత్‌లో ముగించవచ్చు, నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. వీలు లేనివాటికి హైకోర్టులో కేసు కొట్టేయమనే క్వాష్ పిటిషన్ వేయాలి; 2024 జూలై నుంచి అది సీఆర్పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం 528వ సెక్షన్ కింద. ఆ ఖర్చుకు వెనకాడేవాళ్లకు, ఉచిత న్యాయసాయం అర్హత ఉంటే, 15100కు ఫోన్ చేయమని చెబుతున్నాం.

రౌడీషీటు వేరే సంగతి. కోర్టు వదిలేసినా అది ఠాణాలో తెరిచే ఉంటుంది. పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం ఏటా డిసెంబరు చివర గెజిటెడ్ అధికారి ఉత్తర్వుతోనే దాన్ని కొనసాగించాలి. కాబట్టి తీసేయమనే అర్జీ, తీర్పు నకళ్లతో, నవంబరులోపే ఎస్పీ కార్యాలయంలో ఇవ్వడం మంచిది.

పిల్లల విషయంలో మాత్రం చట్టం గట్టిగా నిలబడింది, తెలియకే నష్టపోతున్నాం. 2015 బాలల న్యాయచట్టం 24వ సెక్షన్ ప్రకారం దోషిగా తేలినా అనర్హత అంటదు. అప్పీలు గడువో ఏడేళ్లో దాటాక రికార్డును నాశనం చేయాలి. ఘోరనేరంలో 16 దాటినవాళ్లను బాలల కోర్టు పెద్దవాళ్లలా విచారించి దోషులుగా తేల్చినప్పుడే దీనికి మినహాయింపు. 74వ సెక్షన్ ప్రకారం పోలీసులు క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం ఆ రికార్డు బయటపెట్టకూడదు. వయసు లెక్క నేరం జరిగిన రోజుది, అరెస్టు రోజుది కాదు. రుజువుగా ముందు బడి పుట్టినతేదీ పత్రం లేదా పదో తరగతి మెమో చూస్తారు. అవి లేకుంటే పంచాయతీ జనన ధ్రువపత్రం. అదీ లేకుంటేనే ఎముకల పరీక్ష. తప్పుగా 19 అని రాయించుకుని శిక్ష పడ్డవాళ్లు కూడా కేసు ముగిశాక సైతం 9వ సెక్షన్ కింద ఆ వాదన లేవనెత్తవచ్చు. నేరం నాటికి 18 నిండనివాళ్లు రికార్డు నాశనం కోసం బాలల న్యాయ బోర్డుకు రాతపూర్వకంగా అర్జీ పెట్టి స్టాంపు వేసిన నకలు దాచుకోవాలి.

ఉద్యోగ ఫారాల మీద ఒక మాట. పెద్దవాళ్ల కేసు కొట్టేసినా, ఫారంలో అడిగితే ఉన్నది ఉన్నట్టే రాయండి. సుప్రీంకోర్టు 2016 అవతార్‌సింగ్ తీర్పు తర్వాత కూడా, కేసును దాచినందుకే ఉద్యోగాలు పోతున్నాయి.

కాగితాలు ఉన్నవాళ్లు తీర్పు సర్టిఫైడ్ నకలు రెండు తీసుకోండి: ఒకటి ఠాణాకు, ఒకటి మీ దగ్గర. కాపీ అర్జీలో సీసీ నంబరు తప్పితే తిరిగి వస్తుంది. వచ్చే సమావేశానికి నంబర్లు, ఆధార్, పాత సమన్లు ఉంటే అవీ పట్టుకురండి.

— కార్యవర్గం