రామారావుపేట ఇంటి గురించి సుబ్బుకు

ప్రియమైన సుబ్బూ,

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. కాకినాడ రామారావుపేటలో ఆ పాత ఇంటిని 40 లక్షలకు కొని, బాగు చేయించి, ఆరు నెలల్లో అమ్మేయాలన్న ఆలోచన మంచిదే. అయితే హాల్లో ఏ టైల్స్ వేయించాలో, వంటింటి అరలకు ఏ రంగు బాగుంటుందో రెండు పేజీలు రాసిన నువ్వు, శ్లాబు గురించి ఒక్క ముక్కయినా రాయలేదు. నాకు భయం వేసింది అక్కడే.

మూడో ఫొటోలో వంటింటి పైకప్పు మూల సున్నం ఉబ్బి ఉంది, దాని వెంట సన్నటి గోధుమరంగు చార ఒకటి పొడుగునా కనిపిస్తోంది. అది పొగచూరిన మరక కాదు, లోపలి ఊచ తుప్పు పట్టిన జాడ. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉప్పు కాంక్రీటులోకి దిగి ఊచను తినేస్తుంది. తుప్పుతో ఉబ్బిన ఇనుము తన మీదున్న కాంక్రీటును పగలగొట్టుకుని బయటకు వస్తుంది, పెచ్చులు ఊడేది అందుకే. అక్కడ సిమెంటు మెత్తించి రంగు వేయిస్తే ఒక వర్షాకాలం ఆగుతుందేమో గాని, రెండోది ఆగదు. ఊచ వెనకవైపు దాకా చెక్కించి, తుప్పు గీకించి, మందు పూయించి, పాలిమర్ మోర్టార్ నింపించాలి. అందుకని ముందుగా స్టూలెక్కి చిన్న సుత్తితో శ్లాబంతా తట్టి చూడు. ఖంగుమంటే మంచిదే, డొల్లగా మోగిన చోటల్లా సుద్దముక్కతో గీయి. గీతలు గదినిండా పరుచుకుంటే, బయానా ఇవ్వకముందే స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఫీజిచ్చి చూపించు. “ఏం కాదండీ, రెండు బస్తాల సిమెంటు” అనే తాపీ మేస్త్రీ మాట మీద మాత్రం 40 లక్షలు పెట్టకు.

నా మొదటి ఇంట్లో జరిగింది సిగ్గేసి ఇంతవరకు నీకు చెప్పలేదు. బాత్రూమ్‌కు ఖరీదైన టైల్స్ వేయించాను గాని, ఖర్చు తగ్గుతుందని గోడలోని పాత జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపులను అలాగే ఉంచేశాను. రంగులైన నెలకు అవతలి పడకగది గోడ మీద కంచమంత చెమ్మ కనిపించింది. బేరానికొచ్చిన పెద్దమనిషి ఆ చోట అరచేయి ఆనించి, తీసి, ఒకసారి చేతిని చూసుకుని, మారు మాట్లాడకుండా చెప్పులు వేసుకున్నాడు. ఆ టైల్స్ మళ్లీ పగలగొట్టించిన ఖర్చులో నా లాభం సగం పోయింది. కాబట్టి గోడలోని పైపులన్నీ మార్పించి, టైల్స్ వేయకముందే నీళ్ల ఒత్తిడితో లీకులు చూసే ప్రెషర్ టెస్ట్ పెట్టించు. బాత్రూమ్ నేలకు వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక 48 గంటలు నీళ్లు నిలబెట్టి, పక్క గోడలకు చెమ్మ దిగిందేమో చూడు.

వైరింగ్ మొత్తం రాగి తీగతో కొత్తగా లాగించు. ఏసీకి 4 చదరపు ఎంఎం తీగ వేయించి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించు. కొత్త ప్లాస్టరింగ్‌ను కనీసం ఏడు రోజులు తడిపించు, ఆరకముందే పుట్టీ పెడతానని పెయింటర్ తొందరపడతాడు, వినకు. రంగు అన్నిటికన్నా చివరిది.

ఈశాన్యంలో మరుగుదొడ్డి ఉందని రాశావు. నీకు వాస్తు మీద నమ్మకం లేకపోవచ్చు, నాకూ అంతంతే, కాని కొనేవాడి మామగారు గేటు దగ్గరే వెనక్కి తిరుగుతారు. దాన్ని మార్చాలంటే మురుగు పైపు వాలు కుదరాలి. కుదరకపోతే ఆ మేరకు ఇప్పుడే ధర తగ్గించి అడుగు.

ఇక లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 40 లక్షల మీద 3 లక్షలు నీ చేతినుంచే పోతాయి. 24 నెలలు నిండకుండా అమ్మితే లాభమంతా నీ ఆదాయంలో కలిసి శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది (ఈ శ్లాబుకు సుత్తి పనిచేయదు). మరమ్మతు అంచనాకు ఐదో వంతు అదనంగా పక్కన పెట్టుకో. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) లాయరుకు చూపించు. మేస్త్రీకి వారం వారం అడ్వాన్సులు కాకుండా, పూర్తయిన పనిని బట్టి డబ్బివ్వు.

శనివారం సర్కారు ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాను. సుత్తి, సుద్దముక్క నేనే తెస్తాను, నువ్వు స్టూలు సిద్ధంగా ఉంచు. అప్పటిదాకా బయానా ఇవ్వకు. చెల్లాయిని అడిగానని చెప్పు.

నీ
మూర్తి